నల్లచుక్క దగ్గరి కెమెరా

లక్డారం పొలంలో మోటారు కొట్టం గోడకు గురికాగితం అంటించి, పక్కనే పాత ఫోను కట్టింది మనుమరాలు. దెబ్బ ఎక్కడ తగిలిందో తన ఫోన్లో చూసుకోవచ్చని ఎయిర్‌గన్ పట్టుకుని దూరంగా నిలబడింది.

"ఇన్ని దినాలు నేనే పోయి సూసొచ్చి చెప్పిన గదా బిడ్డా! ఇగ గీ కెమెరా ఎందుకు?"

"నువ్వు పోయినప్పుడల్లా తప్పిందనే చెప్పినవ్ తాతా."

"తప్పితే తప్పిందనే చెప్తరు. నా జమానాల నేను కొడితే ఎగిరే దోమకు మీసం ఊడిపడేది!"

"ఈ గుండు నల్లచుక్కల తగిల్తే సంగారెడ్డి పోటీకి పోతా. నువ్వు ఒప్పుకున్నవ్."

"ఆడపిల్లకు తుపాకి ఏందని ఊరంతా నవ్వుతది."

"నవ్వనీ. నాకు గురి కుదిరితే సాలు."

కాల్చి, తుపాకి కింద పెట్టింది. ఆమె ఫోను తీసేలోపే తాత గోడ దగ్గరికి ఉరికాడు.

"తప్పింది బిడ్డా! గోడకు తగిలింది! ఇగ సప్పుడు జెయ్యకుండ ఇంట్ల కూసో!"

ఆమె ఫోన్లోకి చూసి నవ్వింది.

"పొద్దుగాల మొదటి బస్సుకే పోతున్న తాతా!"

"తప్పిందంటున్న గదనే!"

"ముందుగాల ఆ నల్లచుక్క మీదికెళ్లి నీ బొటనవేలు తియ్యి!"