గంజి తాగిన కిటికీ

సంచి దించు నాయనా కామాక్షయ్యా! దించు ముందు. ఉలీ బాడిసే భుజానేసుకోని ఇంత ఎండలో యాడికి పోతావు? కోప్పడేవోడివి కూర్చోని కోప్పడు. ఎవురొద్దన్నారు?

ఇదో మజ్జిగ. అల్లం దంచి ఏసినా. తాగు.

మా ఆయన అన్న మాట నాకూ ఇనపడింది. లోపలుంటే చెవులు లేవనుకున్నావా? అరుగు మీద నలుగురు కూర్చోనుంటే, "మీ నాయన పచ్చికొయ్య అంటగట్టి పోయినాడు, కిటికీ చెదలు పట్టి రాలిపోతా ఉండాది" అనేసినాడు. పాపం, పోయినాయన! తండ్రినంటే ఎవురికి మాత్రం మండదు? నువ్వు కాబట్టి సంచి ఎత్తుకున్నావు. ఇంకొకడైతే బాడిసె ఎత్తుకునేవోడు.

కానీ నువ్వు పోతే ఏమవుతుందో తెలుసా? సాయంత్రానికల్లా ఆ కంతకి ఇటికలు పెట్టి పూడ్పిస్తాడు. అన్నంత పనీ చేస్తాడు. అంతటితో నా కిటికీ అయిపోయినట్టే!

వారం నుంచి మా ఇంట్లో ఈ కిటికీ మీద ఎంత పంచాయితీ జరిగిందనుకున్నావు? మా మరిది పెంచలయ్య నెల్లూరు పోయొచ్చి, అద్దాల తలుపులు పెట్టించమన్నాడు. ఆడెవురో బియ్యం మిల్లాయన ఇంట్లో ఎర్రద్దం, పచ్చద్దం పెట్టించినారంట. ఎందుకయ్యా నాకు? మా బర్రెని ఎర్రగా చూసుకోవాల్నా? మా ఆయనేమో ఇనప కమ్మీలన్నాడు. ఈ ఉప్పుగాలికి కమ్మీలు నాలుగేళ్ళన్నా నిలుస్తాయా? అన్నీ అయినాక, అసలు ఆడోళ్ళ గదికి కిటికీ ఎందుకన్నాడు. ఆఖరికెట్టనో నిన్ను పిలిపించినాడు.

నన్నెవురన్నా అడిగినారా? నువ్వడిగినావు. పొద్దున వచ్చీ రాంగానే, "ఎట్టాంటిది కావాలమ్మా?" అన్నావు చూడు, అడిగింది నన్నేనా అని ఎనక్కి తిరిగి చూసుకున్నా. ఈ ఇంటికొచ్చి ముప్పై ఆరేళ్ళు. ఆ మాట నన్నడిగినోడివి నువ్వొక్కడివే.

అందుకే చెప్తా విను. కొయ్య ఏదైనా సరే. టేకు లేకపోతే వేప. రంగు ఎయ్యకపోయినా సరే. కిందికి దించు, అంతే. ఇదో, ఈడికి, నా గుండెల దాకా. ఇప్పుడేవో మీటర్లొచ్చినయ్యంట గదా, అయ్యన్నీ నాకు తెలవవు. నా గుండెలే కొలత పెట్టుకో. నవ్వుతావేంది?

ఆ గది నా పెళ్ళికి కట్టింది. కిటికీ నా తల మీద జానెడెత్తున పెట్టించినాడు మా మామ. కొత్తకోడలు బాటకేసి చూడకూడదంట. గాలి మటుకు పీల్చుకోవచ్చంట! మీ నాయన, "ఇంకొంచెం దించుదామా అయ్యా" అని అడిగినాడంట కూడా. మా అత్తే చెప్పింది. మా మామ ఇనిపించుకుంటేగా!

నేనూరుకుంటానా? ధాన్యం కొలిచే కుంచం తిరగేసి ఎక్కేదాన్ని. ఎక్కితే ముత్తుకూరు బాట, ఎడ్లబండ్లు, చేపలమ్మే ఆడోళ్ళు, అందరూ కనపడేవోళ్ళు. దిగితే నెత్తి మీద గంపలే. మనిషి లేకండా గంపలు మటుకు నడిచిపోయేవి.

ఒకసారి ధాన్యం కొలవబోతే కుంచం లేదు. ఇల్లంతా ఎతికినారు. నేను దాని మీదే నిలబడుండా! "ఒసే ఆదిశేషమ్మా, ఏం చేస్తన్నావే?" అంది మా అత్త. బూజు దులపతా ఉండానన్నా. ముప్పై నాలుగేళ్ళు దులిపినా నాయనా, ఆ ఒక్క బూజే.

రెండేళ్ళ కిందట కుంచం మీద నుంచి పడ్డా. మోకాలు పోయింది. ఇంక ఎక్కలేను, కిటికీ దించమని మా ఆయన్ని బతిమాలినా. "కొయ్య రాయి మాదిరుండాది, ఎందుకు పీకాల?" అన్నాడు.

అప్పటి నుంచీ గంపలే. చేపలమ్మే గురవమ్మ గంప నాకు బాగా తెలుసు, అంచుకి ఎర్రగుడ్డ పీలిక కట్టుంటుంది. పోయినేడు ఆ గంప రావడం మానేసింది. మనిషి ఉందో పోయిందో! అరుగు నిండా మొగోళ్ళాయె, వాళ్ళని దాటి పొయ్యి ఎవుర్నడిగేది? ఏడుపొచ్చింది కామాక్షయ్యా. గంప కోసం ఏడ్చింది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటా.

ఇంకొంచెం మజ్జిగ పొయ్యనా? తాగి, ఆ గోడకి ఆనుకోని కూర్చో.

మీ నాయన పెట్టింది పచ్చికొయ్య కాదు. నాకెట్టా తెలుసంటావా? దాన్ని చంపడానికి రెండేళ్ళు పట్టింది గాబట్టి తెలుసు!

అంతే మరి. కొయ్య పాడైతే గాని కిటికీ మార్చరు గదా? పాడు చేసినా. రోజూ అన్నం వార్చిన గంజి, చెయ్యెత్తి ఆ కొయ్య మీద పోసేదాన్ని. సందుల్లో తడిగుడ్డలు కుక్కేదాన్ని. చెదలుండే పుట్టమన్ను తెచ్చి మూలమూలకీ మెత్తినా. చెదలొచ్చి, రుచి చూసి, ఎనక్కి పోయినయ్యి నాయనా! ఏడాది పాటు ముట్టలా. మీ నాయన చేతిపని అట్టాంటిది. నాకే విసుగొచ్చి, "ఏం పెట్టి చేసినాడయ్యా ఈ పెద్దమనిషి" అని తిట్టుకున్నా. తప్పే, లెంపలేసుకుంటా. మొన్న తుపానుకి బాగా నానింది గాబట్టి లొంగింది గాని, లేకపోతే నన్ను సాగనంపి అది నిలబడేదే.

ఏంది, నోరు తెరుచుకోని అట్టా చూస్తావు?

అరుగు మీదికి పొయ్యి చెప్తావా? చెప్పు. చెప్పాల కూడా. మా నాయన కొయ్య మంచిదే, గంజి పోసి చెదల్ని సాకింది మీ ఇల్లాలని ఆ నలుగురి ముందే చెప్పు. నేను కాదననులే. రంకెలేస్తాడు, పది రోజులు తిడతాడు. తిట్టనీ.

ఒక్కటే నాయనా. ముందు కిటికీ దించి బిగించు, ఆనక చెప్పు. ఆయన తిట్టే పది రోజులూ నేను నేల మీద నిలబడి బాట చూసుకుంటా ఉంటా.