తల వంచలేని దారి

2007 ఎండాకాలం. భద్రాచలంలోని కళ్లద్దాల దుకాణంలోకి అడవి ఊరి ఆశా కార్యకర్త వచ్చి, వారం కింద కొన్న అద్దాలను బల్ల మీద పెట్టింది.

“ఇవి వాపస్ తీసుకో తమ్మీ. కొన్న తెల్లారే వాగు దిగుతుంటే రాయి తగిలి పడ్డ. మళ్ల పెట్టుకోలే.”

“ప్రోగ్రెసివ్ అద్దాలు గట్లనే ఉంటయక్కా. పైన దూరానికి, కింద చదువుకునేటందుకు. కింది భాగంలకెళ్లి నేలను చూస్తే మసకనే. తల వంచి నడవాలని చెప్పిన గదా.”

“నెత్తి మీద ఇప్పపూల గంప ఉండె. తల ఎట్ల వంచుత?”

“అయ్యో, అది నేను అడగనే లేదు! అద్దాలు లేకుంటే ఆ దారి కనబడతదా?”

“పుట్టినకాడికెళ్లి నడిచే దారే. మంచిగనే కనబడతది.”

“అయితే బరువు ఎత్తుకున్నప్పుడు తీసెయ్యి. మందులు పంచేటప్పుడు పెట్టుకో. ఇప్పుడు పెట్టుకొని ఏదన్నా చదువు.”

“నా దగ్గర ఈ కాయితమే ఉన్నది. ‘కండ్లు ఆనుతలేవు. ఆశా పని నాకు వద్దు.’”

“ఏంది అక్కా ఇది?”

“మా ఆడబిడ్డతోని రాయించిన. మందు సీసా మీద తారీఖు కనబడకపాయె. పసిపిల్లలకు ఏం పోస్తనో అని భయమైంది. ఇయ్యాల దవాఖానల ఇద్దామని తెచ్చిన.”

“మరి ఇస్తవా?”

“సంతల బియ్యం కొన్న. నెత్తిన పెట్టుకొని పోవాలె. అద్దాలు చుట్టుకోను కాయితం ఉంటే ఇయ్యి తమ్మీ... ఆగు, వద్దులే. ఇదే సరిపోతది.”