నాన్న ఎత్తుకున్న పాట

ఈ ఆదరణ కూడికను నడిపిస్తున్న పాస్టరు అయ్యగారికి, సంఘ పెద్దలకు, మల్కాజ్‌గిరి నుంచీ యాప్రాల్ నుంచీ ఈ ట్రాఫిక్‌లో పడి వచ్చిన బంధువులకు, మా బోయిగూడ ఇరుగుపొరుగుకు, ముందు వరసలో కూర్చున్న మా అమ్మ కాంతమణికి నా వందనాలు. నేను యేసుదాసు మాస్టారి కూతురు డోరాను. నాన్న మమ్మల్ని విడిచి వెళ్లి నెల కావస్తోంది. ఆయన గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. మాస్టారి కూతురు రెండు ముక్కలతో ఆగుతుందని ఎవరూ ఆశపెట్టుకోకండి. (నవ్వులు)

నాన్న మంచి మాస్టారని, భక్తిపరుడని అయ్యగారు చెప్పారు. మర్యాద కోసం చెప్పనిది ఒకటుంది. నాన్నకు పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో తెలియదు. రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో పాట ఆయనే మొదలుపెట్టాలి, మొదలుపెట్టడమే ఆకాశంలో మొదలుపెట్టేవారు, ఇక చరణానికి వచ్చేసరికి అమ్మ గొంతు పడిపోయేది, నాకు దగ్గు వచ్చేది. కింది పోర్షన్ ఎల్లమ్మ ఆంటీ, ఎక్కడున్నారు ఆంటీ, ఆ, అదిగో, "సార్ పాట షురూ చేసిండంటే నేను కుక్కర్ పెడ్త, రెండు సుత ఒక్కతీర్గనే కూస్తయి" అనేవారు. (నవ్వులు)

మమ్మల్ని ఆదుకున్నది మా అన్నయ్య ఐజాక్. రెండో లైనులో మెల్లగా గొంతు కలిపి, ఎవరికీ తెలియకుండా పాటను కిందికి దించేవాడు. అప్పుడు ఇంటిల్లిపాదీ హాయిగా పాడేవాళ్లం. అదంతా తన గొంతు గొప్పే అన్నట్టు నాన్న మురిసిపోయేవారు.

తర్వాత సంగతి మీలో చాలామందికి తెలుసు. అన్నయ్య యాప్రాల్ వెళ్లి అక్కడి సంఘంలో చేరాడు. "బాప్తిస్మమిచ్చిన సంఘం నీకు చేదైందా?" అని నాన్న కోపగించుకుని, అన్నయ్య కొత్తింటి ప్రార్థనకు వెళ్లలేదు. అన్నయ్య మా ఇంటి ప్రార్థనకు రావడం మానేశాడు. ఇద్దరూ ఇద్దరే. క్రిస్మస్‌కు కేకు పంపుకునేవారు, మాట మాత్రం పంపుకునేవారు కాదు. మధ్యలో అమ్మ నలిగిపోయింది. ఇది పెద్దల ముందు చెప్పొచ్చో లేదో, చెప్పేశాను.

అప్పటినుంచి మా ఇంట్లో పాట కిందికి దిగలేదు. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం నాన్న ఆయాసపడుతూ పాట మధ్యలో ఆపేశారు. "నీళ్లు తాగండి నాన్నా" అన్నాను.

"నీళ్లు కాదమ్మా. వాడుంటే ఈపాటికి దించేసేవాడు" అన్నారు.

అంటే నాన్నకు తెలుసన్నమాట. అన్నేళ్లూ తెలుసు. కొడుకు దించుతాడన్న ధైర్యంతోనే అంత పైన ఎత్తుకునేవారేమో. "మరి ఫోన్ చేసి రమ్మనండి" అంటే, "వాడే రావాలి" అన్నారు. రావాలని ఉంది, రమ్మనడానికి నోరు రాలేదు. నాన్న మీద నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

నాన్న భూస్థాపన రోజు సమాధుల తోటలో ఎవరో పాట చక్కగా, అందరికీ అందేలా ఎత్తుకున్నారు. వాళ్లను తప్పుపట్టడం లేదు గానీ, మా ఇంట్లో ఒక్కరికీ గొంతు కలవలేదు.

అన్నయ్యా, వెనక తలుపు దగ్గర నిలబడ్డావు, చూశాను. నీ సంఘం నీది, దాని జోలికి రాను. శనివారం సాయంత్రం మాత్రం ప్రార్థన వేళకు అమ్మ దగ్గరికి రా.

వచ్చిన మీ అందరికీ, పొద్దుటి నుంచీ వంట దగ్గరే ఉన్న స్త్రీల సమాజం వారికీ కృతజ్ఞతలు. భోజనం చేయకుండా ఎవరూ కదలొద్దు. ఇప్పుడు నాన్నకు ఇష్టమైన పాట నేను ఎత్తుకుంటాను, ఆయన ఎత్తుకున్నంత పైనే. దించడం నాకు రాదు, అన్నయ్యా. సెలవు.