నీకో ముక్క, నాకో ముక్క

ఆస్పత్రి మూడో అంతస్తులో ఆహార సలహాల గది. మధ్యాహ్నం పన్నెండు. బరువు చూసే మిషను మీద ఒక టైలరు. ఎదురుగా కాగితాలతో డైటీషియను.

"ఇంకేమైనా తియ్యమంటారా, డాక్టరమ్మా?"

"నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పాలి, మాస్టారూ? చెప్పులు తీశారు, బెల్టు తీశారు, జేబులో కత్తెర, మెడలో టేపు కూడా తీశారు. ఇక మిగిలింది మీరే. మాట్లాడకుండా నిలబడండి."

"మాటలకీ బరువుంటుందా?"

"మాస్టారూ!"

"నిలబడ్డానమ్మా. ఊపిరి కూడా బిగబట్టాను. ఎంత?"

"తొంభై మూడున్నర."

"మీ మిషనుకి కొవ్వెక్కింది."

"మిషనుకి కాదు, మీ కాలేయానికి."

"ఆ మాట మా అమ్మ నా చిన్నప్పుడే చెప్పింది, 'వీడికి కొవ్వెక్కింది' అని. ఏ స్కానూ లేకుండానే! ఆవిడ ముందు మీ పెద్ద డాక్టర్లు ఏపాటి?"

"నవ్వించకండి. కూర్చోండి. ఎనిమిది వారాల కిందట తొంభై మూడు. ఎనభై అయిదుకి రమ్మన్నాం. మీరు అరకిలో పెరిగి వచ్చారు. ఇవాళే ఆఖరు, తెలుసు కదా?"

"తెలుసు."

"నాలుగింటికి పెద్ద డాక్టర్లు కూర్చుంటారు. ఈ అంకె నేను పంపాలి. ఇంత కొవ్వున్న కాలేయంలోంచి ముక్క కోసి మీ చెల్లెలికి పెడితే, ఆమెకి అది పని చెయ్యదు, మిగిలింది మీకూ చాలదు."

"కోత గురించి టైలరుకి చెప్పాలా? గుడ్డ మంచిది కాకపోతే ఎంత నేర్పుగా కత్తిరించినా చొక్కా నిలవదు. అర్థమైంది. అందుకే ఒక చిన్న ఉపకారం అడుగుతున్నా. ఆ తొమ్మిది ఉంది చూడండి, దాని తోక కొంచెం ముడవండి. ఎనిమిదైపోతుంది."

"నేను తోక ముడుస్తాను. స్కాను ముడుస్తుందా?"

"పోనీ రెండు వారాలు గడువిప్పించండి."

"మీకు ఇప్పించగలను. ఆమెకి ఉన్నాయా ఆ రెండు వారాలు?"

"కొంచెం మంచినీళ్ళుంటే ఇస్తారా?"

"అదిగో, కూజాలో ఉన్నాయి. ఇంకెవరూ ఇవ్వడానికి లేరా మాస్టారూ?"

"మా ఆవిడ గ్రూపు కలవలేదు. పిల్లలు పసివాళ్ళు. అమ్మా నాన్నా లేరు. చనిపోయినవాళ్ళు ఇచ్చే కాలేయం కోసం లిస్టులో పేరు రాయించాం. ఆ వరస, స్కూళ్ళు తెరిచే ముందు నా కొట్టు దగ్గరుండే వరస కన్నా పొడుగు. మిగిలిన గుడ్డ నేనొక్కణ్ణే."

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. లోపల్లోపల ఆపరేషనంటే భయమేమైనా ఉందా? పైకి సరేనంటూ రాత్రిళ్ళు తినేస్తుంటారు కొందరు. బరువు తగ్గకపోతే తప్పించుకోవచ్చు కదా."

"నేనా? డాక్టరమ్మా, నాది కుట్టు పని. కుట్ర పని కాదు."

"కోపం తెచ్చుకోకండి."

"కోపం కాదు. భయపడాల్సింది మా నాన్న. ఆయనా టైలరే. చిన్న ఆపరేషనన్నారు, గంట పనన్నారు. చక్రాల మంచం మీద నవ్వుతూ వెళ్ళాడు. 'ఒరేయ్, నా కత్తెర సాన పెట్టించి ఉంచు' అన్నాడు నాతో. నాకప్పుడు పద్నాలుగు, చెల్లికి ఏడు."

"తర్వాత?"

"తర్వాతేముంది? కత్తెర ఇంకా పదునుగానే ఉంది. నేను బడి మానేసి మిషను ముందు కూర్చున్నాను. చెల్లిని మిషను కింద కూర్చోబెట్టుకుని, తెగిన దారాలు ఏరిస్తూ పెంచాను. అలాంటిదానికి ముక్క కోసివ్వడానికి నాకు భయమా?"

"సరే. తప్పే, అనకూడదు. మరి ఎక్కడ జరుగుతోంది లోపం? పొద్దున?"

"ఒక గుడ్డు, ఒక అరటిపండు. పొద్దున్నే నడక కూడా. వీధి కుక్కలు నన్ను చూసి మొరగడం మానేశాయి, బంధువయిపోయాను."

"మధ్యాహ్నం?"

"మీరు చెప్పిన కప్పుతో కొలిచి అన్నం. కొలతలు నాకు అన్నంతో పెట్టిన విద్య, అందులో తేడా రాదు."

"రాత్రి ఎనిమిది తర్వాత?"

"మంచినీళ్ళు."

"మంచినీళ్ళేనా?"

"మంచినీళ్ళే. కొంచెం గట్టిగా ఉండే మంచినీళ్ళు."

"మాస్టారూ."

"ఏదో ఒక ముక్క."

"ఎంత ముక్క? ఎన్నింటికి? ఎన్ని గంటలు నిద్రపోతున్నారు మీరు?"

"ఒక్కొక్క ప్రశ్న వెయ్యండి, నేను ఒంటి సూది మిషనుని."

"నిద్ర చెప్పండి ముందు."

"నాలుగు గంటలు. ఒక్కోరోజు మూడు. అవీ అతుకుల నిద్రలే."

"అదీ సంగతి! చెప్పాను కదా మొదటి రోజే. నిద్ర చాలకపోతే ఒంట్లో ఆకలి పుట్టించేది పెరుగుతుంది, 'ఇక చాలు' అని చెప్పేది తగ్గుతుంది. ఇద్దరు ఒకటే తిండి తిన్నా, బాగా నిద్రపోయినవాడికి కొవ్వు కరుగుతుంది, లేనివాడికి కండ కరుగుతుంది. పైగా అర్ధరాత్రి తింటే, పడుకోవాల్సిన కడుపుని లేపి పని చెప్పినట్టు. ఎందుకు నిద్ర పట్టట్లేదు?"

"నాకు పట్టకపోవడమేమిటి? తల వాలిస్తే గురకే. చెల్లికి పట్టదు. ఆ జబ్బు రాత్రిని పగలు చేసేసింది, పగలంతా మగత, రాత్రంతా మెలకువ. ఒంటిగంటన్నరకి వచ్చి లేపుతుంది."

"ఎందుకు?"

"మీరే రాశారు కదమ్మా దాని కాగితంలో, రాత్రి కడుపు ఖాళీగా ఉంచొద్దు, పడుకునే ముందు తప్పకుండా తినాలి అని. తినాల్సింది అది, తినకూడనిది నేను. ఒకే ఇంట్లో రెండు కాగితాలు, ఒకదాని మొహం ఒకటి చూడదు."

"ఆమె తినడానికి మిమ్మల్ని లేపడమెందుకు?"

"ఒంటరిగా ముద్ద దిగదట. చిన్నప్పుడు మేం తిన్నట్టే తినాలంటుంది, 'నీకో ముక్క, నాకో ముక్క' అని. అప్పట్లో రొట్టె ఒక్కటే ఉండేది, పంచుకునేవాళ్ళం. నేను నోరు తెరిస్తేనే అది నోరు తెరుస్తుంది. నేను మూస్తే అదీ మూసేస్తుంది. ఏం చెయ్యను? తినకపోతే మర్నాడు లేవలేదు. తింటే... తింటే ఇదిగో, తొంభై మూడున్నర."

"ఆమె ఎంత తింటుంది?"

"పిచ్చుకంత. మిగిలింది పారెయ్యలేం కదా."

"మీరు తినేస్తారు."

"ఈ ఎనిమిది వారాల్లో దాని బట్టలకి భుజాలూ చేతులూ నాలుగుసార్లు లోపలికి కుట్టానమ్మా. నా ప్యాంట్లు రెండుసార్లు వదులు చేశాను. దాని దగ్గర మిగిలిన గుడ్డ నాకు అతుకేసుకోవచ్చు. ఇంట్లో దాన్ని సూదీ అంటాం. మాట గుచ్చుకుంటుందని పెట్టిన పేరు. ఇప్పుడు మనిషీ అలాగే అయింది."

"ఆమెని చూశాను నేను. మొదటి వారం మీతో వచ్చారు. మీరు రక్తం ఇవ్వడానికి కిందికి వెళ్ళినప్పుడు ఇక్కడే, మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నారు."

"నాకు చెప్పలేదే!"

"మీకు రాత్రిళ్ళు ఏవేవి పెట్టకూడదో రాసిమ్మన్నారు. 'మా అన్నయ్య మాటలతో మభ్యపెడతాడు, నేనే దగ్గరుండి చూసుకుంటాను' అన్నారు. తొమ్మిది రకాలు రాసిచ్చాను. నకలు కూడా ఉంది ఇక్కడ."

"చూశారా! తను లేవలేని స్థితిలో ఉండి నా గురించి! అదీ మా సూది."

"ఊఁ. రాత్రిళ్ళు ఏం తింటారు ఇద్దరూ?"

"ఏదుంటే అది."

"మొదట్నుంచి చెప్పండి."

"మొదట్లో వెన్న రాసిన రొట్టె, పైన చక్కెర. తర్వాత వేయించిన బంగాళాదుంప. అది విసుగొచ్చాక గరిటె నిలబడేంత చిక్కటి తియ్యటి పాలు. ఆ తర్వాత కేకు..."

"ఆ తర్వాత నేతిలో వేయించిన జీడిపప్పు."

"అరె! మీకెలా తెలుసు?"

"ఎవరు తెస్తారు ఇవన్నీ? ఎవరు వేయిస్తారు?"

"అదే. పొయ్యి దగ్గర కుర్చీ వేసుకుని మరీ వేయిస్తుంది. వద్దంటే వినదు. ఏమిటమ్మా ఆ కాగితం వంక అలా చూస్తున్నారు?"

"ఏం లేదు. కింద ఇంకో వాక్యం కూడా రాశాను, గీత గీసి. 'పది నుంచి ఆరు దాకా నిద్ర చెడితే ఎంత పస్తున్నా బరువు తగ్గదు' అని."

"నిజమే కదా."

"మాస్టారూ, ఒక పని చేస్తారా? ఇప్పుడే ఆమెకి ఫోన్ చెయ్యండి. బరువు తగ్గానని చెప్పండి."

"అబద్ధమా? ఎందుకు?"

"చెప్పండి. స్పీకర్లో పెట్టండి."

"చచ్చేవాళ్ళకి కూడా ఆశ పెట్టమంటారా? సరే, కాసేపైనా సంతోషిస్తుంది. ఎగిరి గంతేస్తుంది చూడండి. లేవలేకపోయినా గంతేస్తుంది... హలో, సూదీ!"

"అన్నయ్యా! చూశారా? ఎంత?"

"ముందు కూర్చో."

"పడుకునే ఉన్నాను. ఎంతో చెప్పు."

"ఎనభై నాలుగున్నర!"

"ఎంతన్నావు?"

"వినబడలేదా? పాసయ్యానే! బడిలో ఒక్క లెక్కా రానివాణ్ణి, ఇన్నాళ్ళకి అంకెల్లో పాసయ్యాను. శుక్రవారమే కోత. నీకో ముక్క, నాకో ముక్క! రెండు నెలల్లో మళ్ళీ కొట్టు తెరుస్తా. నా కత్తెర సాన పెట్టించి ఉంచు..."

"ఆ మాట అనకు!"

"ఏ మాట?"

"మిషను తప్పు చూపిస్తోంది అన్నయ్యా. మళ్ళీ ఎక్కు."

"ఏమిటే?"

"మళ్ళీ ఎక్కి చూడు. చెప్పులు విప్పేశావా? వేసుకుని ఎక్కు. నువ్వు తగ్గే వీల్లేదు. రాత్రి రొట్టెకి రెండువైపులా వెన్న రాశాను. నీ కళ్ళు మూతలు పడ్డాకే లేపాను, రోజూ. ఎలా తగ్గుతావు? ఆవిడని సరిగ్గా చూడమను. నీకు దణ్ణం పెడతాను."

"సూదీ... ఒంటరిగా ముద్ద దిగదన్నావు."

"దిగుతుంది."

"రాత్రిళ్ళు భయమేస్తోందన్నావు."

"వేస్తోంది. చీకటంటే కాదు."

"మరి?"

"నాన్న నవ్వుతూనే వెళ్ళాడు. నువ్వూ నవ్వుతూనే వెళతావు, నీకు ఇంకోలా వెళ్ళడం రాదు. నాకప్పుడు ఏడేళ్ళు, అన్నయ్యా. ఇప్పుడు నీ కొడుక్కి ఏడేళ్ళు."

"పిచ్చిదానా, నాన్న రోజులు వేరే. ఇప్పుడు ఎన్ని యంత్రాలు, ఎంతమంది డాక్టర్లు! కావాలంటే ఈ డాక్టరమ్మని అడుగు, పక్కనే ఉంది."

"అమ్మా, మా అన్నయ్యకి ఏమీ కాదని ఒట్టెయ్యగలరా?"

"చూడమ్మా... ఇలాంటివి చాలావరకు... నూటికి తొంభైతొమ్మిది మంది బాగానే..."

"ఒట్టు, అమ్మా."

"ఒట్టంటే... ఎలా వేస్తానమ్మా?"

"విన్నావా అన్నయ్యా? ఆ మిగిలిన ఒక్కడూ నాన్న."

"నువ్వు లేకుండా నేను ఏం కుట్టను, ఎవరికి కుట్టను? నన్నొక్క మాటైనా అడక్కుండా... నోట్లో ముక్కలు పెట్టి పెట్టి..."

"అడిగితే నవ్వించేవాడివి. నవ్విస్తే ఒప్పుకునేదాన్ని. అన్నయ్యా, నిజం చెప్పు. ఎనభై నాలుగున్నరేనా?"

"చెప్పాను కదే."

"నా మీద ఒట్టేసి చెప్పు."

"నీ మీద... ఇప్పుడు నీ మీదా? నీ మీద అబద్ధపు ఒట్టు నేనెలా వేస్తానే!"

"అయితే ఎంత, అన్నయ్యా?"

"తొంభై మూడున్నర."

"అమ్మయ్య! ఇంక నిన్ను లేపనులే అన్నయ్యా. ఈ రాత్రి నుంచి హాయిగా పడుకో."