ఆలివ్ జాడీల వెనుక

ట్రిపోలీలో ఒక మూడో అంతస్తు ఇల్లు. ఏడాది తిండి దాచుకునే కొట్టుగదిలో, ఆలివ్ జాడీల వెనుక ఆరు పెట్రోలు డబ్బాలు ఆమె కంటపడ్డాయి. మొగుణ్ణి పిలిచింది.

"ఇవేంటి?"

"వచ్చే వారం రాయితీ ఎత్తేస్తారట. ధర మూడింతలవుద్ది. టాక్సీ తిరక్కపోతే ఏం తింటాం? చవగ్గా ఉన్నప్పుడు నువ్వు ఆలివ్‌లు కొని దాచట్లేదా?"

"ఆలివ్‌లు ఇల్లు తగలబెట్టవు. రోజూ కరెంటు పోతంది. పిల్లాడు నజీహ్ ఈ గోడ పక్కనే కొవ్వొత్తి పెట్టుకుని చదువుతున్నాడు."

"మూతలు గట్టిగా బిగించాన్లే. వారమైంది, ఏమన్నా అయిందా?"

"వారమా? సిగరెట్టు కాల్చడానికి నువ్వు వీధిలోకి దిగుతున్నదీ వారం నుంచే కదా?"

అతను చెవి మీద పెట్టుకున్న సిగరెట్టును తడుముకున్నాడు.

"మోకాళ్ల నొప్పులని నీళ్ల క్యాను కూడా మొయ్యవు. సిగరెట్టుకి మాత్రం మూడంతస్తులు దిగుతావు. నీకొక్కడికేనా ప్రాణం తీపి? నేనూ బిడ్డా వీటి పక్కన పడుకోవాలా?"

"పెట్రోలు లేకపోతే పస్తులే."

"పస్తులుంటాం. బతికైనా ఉంటాం."

అతను చెవి మీది సిగరెట్టు తీసి కిటికీ గట్టున పెట్టాడు. చేతికొక డబ్బా ఎత్తుకుని మెట్ల వైపు నడిచాడు.

"మోకాళ్లు జాగ్రత్త," అంది ఆమె వెనక నుంచి. "ఇంకా నాలుగున్నాయి."