ఆకాశసామి అత్తను పైకి తెచ్చిన కత

సుంకన్న అని రేగడి నేలోడు ఒకడు. వాళ్ల ఊర్లో యాడ జూసినా చదునే. చీమ పోతాంటే అర కోసు దూరం నుంచి కనపడేదంట, అంత చదును అనుకో. ఆ ఊర్లో అన్నిటికన్నా ఎత్తైంది ఏదంటే ఇంటి ముందర అరుగే. వాడు ఒకనాడు సంతకు పోయినాడు. పోతే ఆడ చెన్నక్క అనే పిల్ల సీతాఫలాలు అమ్ముతాంది. వీడు కాయొకటి నొక్కి "మాగిందా?" అన్నాడు. "కాయ మాగింది, నువ్వే ఇంకా మాగల్యా" అనింది. అంతే, మనోని పని అయిపాయ. పక్కనే వాళ్లమ్మ కుళ్లాయమ్మ కూచోనుండాది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. "నాకు మొగబిడ్డలు లేరు, మొగుడూ పాయ. ఇల్లరికం వస్తావా?" అనింది. వస్తా అన్నాడు. ఊరు యాడుండాది అని ఒక్క మాట అడగొచ్చు కదా? అడగల్యా. పిల్ల మొగం చూస్తాండాడు, ఇంగ ఊరెందుకు వానికి.

ఆ ఊరు ఎత్తుబండ. ఏటి పక్కన నిట్టనిలువు బండ, ఆ బండ కొసన ఊరు, కందిరీగ గూడు అతికించినట్ల. పెండ్లినాడు వెనకపక్క వాలులో ఎద్దులబండిలో ఎక్కించినారు కాబట్టి వీనికేం తెలీల్యా. తెల్లారినాక చెంబు పట్టుకోని పెరటి తలుపు తీసినాడు. తీస్తే ఏముండాది? ఏమీ లేదు! నేలే లేదప్పా! రెండడుగులు దాటితే గాలే. అడుగున ఏరు జందెం పోగు మాదిరి మెరుస్తాంది. గబుక్కున తలుపు పట్టుకోబోతే చెంబు ఒరిగి, చెంబులో నీళ్లన్నీ వాని మీదే ఒలికినాయి. వచ్చిన పని గూడా మర్చిపోయి తలుపు మూసేసినాడు. అత్త అడిగిందంట, "ఏమల్లుడా, అప్పుడే అయిపాయనా?" అని. "ఇయ్యాలకు వద్దులే అత్తా" అన్నాడంట. నవ్వొద్దండప్పా, మీరైతే ఏం చేసుందురు?

చెప్పుకుందామంటే ఆ ఊర్లో భయం అనే మాటకు చోటు లేదు. అంతకుముందు ఎవురో అల్లుడు బండ అంచు చూసి గోడ పట్టుకున్న్యాడని, వాణ్ణి కోడిని కమ్మినట్ల గంప కింద కూచోబెట్టి, ఊరంతా ఎగతాళి చేసి, ఎద్దులబండి ఎక్కించి పంపేసినారంట. పెండ్లాం లేకుండా! అందర్లోకి గట్టిగా నవ్వింది మన కుళ్లాయమ్మే. సుంకన్న ఆలోచన చేసినాడు. చెన్నక్కను వదిలి పోలేడు, కిందికి చూళ్లేడు. ఏం చేసినాడంటే, "మా ఇంటిదేవునికి మొక్కుకున్న్యా, ఆకాశం దిక్కే చూస్తా గాని కిందికి చూడను" అనేసినాడు. అప్పట్నుంచి గడ్డం పైకెత్తి, గోడలు తడుముకుంటా నడుస్తాడు. రాయి తగిలి పడితే ఆడనే పండుకోని దండం పెడతాడు. జనం చూసి చూసి, ఆహా ఏమి భక్తి అని, ఆకాశసామి అని పేరు పెట్టినారు. వాన వస్తాదా సామీ అని అడిగేదానికి వస్తారు. మబ్బు లేకుంటే రాదు అంటాడు, ఉంటే వస్తాది అంటాడు. మీరూ చెప్తారు, నేనూ చెప్తా, కానీ మనల్ని ఎవురు సామి అంటారు?

ఇట్ల ఉండంగా ఏమైందంటే, కుళ్లాయమ్మ మేకను మేపేదానికి పట్టుకుపోయింది. ఆ మేక చరియలో మొలిచిన పొద మీద ఆశపడి దుమికింది. తాడు ఈమె చేతికి చుట్టుకోనుండాది. మేక పాయ, మేకెనక అత్త పాయ! సచ్చిందనుకుంటిరా? నాలుగు నిలువుల కింద మంచమంత బండ ముందుకు పొడుచుకోనుంటే దాని మీద పడినారు ఇద్దరూ. దెబ్బేం తగల్యా, కూచునే చోటు మాత్రం వాచింది. ఆడ్నుంచి అరిచిన అరుపుకు ఊరంతా ఉరికొచ్చింది.

ఇంగ దిగేదెవురు? ఒకడు నాకు నడుం నొప్పి అంటాడు, ఒకడు నాకు ఇయ్యాల ఉపాసం అంటాడు, ఇంకొకడు పొయ్యి మీద చారుండాది అంటాడు. ఊరిపెద్ద ఎర్రన్న ఏమన్నాడు? "దేవునట్లాంటి ఆకాశసామి ఉండంగా మనమెందుకు?" అన్నాడు. అనేపాటికే పదిమంది కలిసి సుంకన్న నడుముకు మోకు చుట్టేసినారు. చెన్నక్క వచ్చి ముడి ఒకసారి లాగి చూసి, మెల్లగా "నీకు భయమైతే చెప్పు, నేను దిగుతా" అనింది. "భయమా? నాకా?" అన్నాడు గాని, ఆ గొంతు వాంది కాదు, పిల్లిది.

దించినారు. వాడు కండ్లు గట్టిగా మూసుకోని, తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచి, తెలీనోళ్లను గూడా పిలిచి, బండ మీద కాలు పెట్టినాడు. ఆడ కుళ్లాయమ్మ, చెప్తే నమ్మరు, ఆమె గూడా కండ్లు మూసుకోనే ఉండాది, చెంగు మొగం మీద కప్పుకోని. వీడు మోకు తన నడుం నుంచి విప్పినాడు, తడిమినాడు. చేతికి బొచ్చు తగిలింది. అత్త గొంగడి కప్పుకుందేమో అనుకున్న్యాడు. "కాళ్లేంది అత్తా ఇంత సన్నగైనాయి? భయానికి చిక్కిపోయినావే!" అన్నాడు. "మే" అనింది మేక. "ఏడవొద్దత్తా, నేనొచ్చినా గదా" అని కట్టి, "లాగండప్పా!" అని కేకేసినాడు. లాగినారు.

కొంచేపైనాక అత్త గొంతు వినపడింది. "ఏమల్లుడా, ఇంకా కట్టవేంది?" అని.

"అత్తా! నువ్వు పైకి పోల్యా?"

"నేనీడే ఉండా గదరా!"

"మరి నేను కట్టింది ఎవుర్ని?"

పైన ఏమైందంటే, మోకు కొసకు మేక వచ్చింది. అందరూ నోరు తెరిచినారు. ఎర్రన్న అన్నాడు, "సామి మహిమ! కుళ్లాయమ్మ మేకైపాయ!" అని. "మామా, ఇది మా మేకే" అంటాది చెన్నక్క. "కట్టిందెవురు? ఆకాశసామి. ఆయప్ప పొరపాటు చేస్తాడా? చూడు, ఆ గడ్డం గూడా మీయమ్మదే" అన్నాడు. ముసలోళ్లు పసుపు పూసినారు, బొట్టు పెట్టినారు. మేక ఎర్రన్న కండువా పట్టుకోని నమిలేసింది. "సందేహమే లేదు, కుళ్లాయమ్మే! నా మీద కోపం ఈ పొద్దుటిదా?" అని చేతులెత్తి మొక్కినాడంట!

కింద వీళ్లిద్దరూ కండ్లు మూసుకోనే చేతులు పట్టుకోని కూచున్న్యారు. సుంకన్న ఇంగ దాచల్యా. "అత్తా, నాకు మొక్కూ లేదు గిక్కూ లేదు. కిందికి చూడాలంటే పానం పోతాది" అన్నాడు. కుళ్లాయమ్మ వాని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకునింది. "నాకూ అంతే నాయనా" అనింది. "నేనూ చదునేల బిడ్డనే. కోడలై వచ్చి నలభై ఏండ్లాయ. పెరట్లోకి పోయినప్పుడంతా కండ్లు మూసుకోనే పోతా."

"మరి ఆ గంప కింద అల్లుణ్ణి చూసి అంత నవ్వితివే!"

"గట్టిగా నవ్వినోళ్ల మీద ఎవురికీ అనుమానం రాదు రా" అనింది. అని ఏడ్సింది. అత్త ఏడ్సడం వాడు ఎప్పుడూ చూళ్లేదు, అప్పుడూ చూళ్లేదు, కండ్లు మూసుకోనుండాడు గదా.

పైన చెన్నక్కకు తిక్కరేగింది. "ఒకరన్నా అంచుకు పోయి చూడండప్పా" అనింది. నువ్వు పో అంటే నువ్వు పో అని ఒకర్నొకరు తోసుకుంటాండారు. ఆ పిల్లే బోర్లా పండుకోని తల కిందికి వంచింది. చూస్తే మొగుడూ అమ్మా కండ్లు తెరవని పిల్లికూనల మాదిరి ఆనుకోనుండారు. నవ్వాపుకోని మోకు కిందికి వదిలింది. "ఎవురో ఒకరు కండ్లు తెరవండి. లేకుంటే ఈసారి బండను కట్టి పంపుతారు" అని అరిచింది. నువ్వు తెరువు అంటే నువ్వు తెరువు. కడాకు సుంకన్న ఒక కన్ను తెరిచినాడు. ఏరు కనపడింది, టక్కున మూసి మళ్లా తెరిచినాడు. అప్పుడు ఏరును వదిలేసి అత్త మొగం చూసినాడు, అత్త నడుం చూసినాడు, ముడి చూసినాడు. ముడి తప్ప లోకంలో ఇంకేమీ లేదనుకోని కట్టినాడు. ఇరవైమంది లాగితే అత్త పైకొచ్చింది. ఎనకాలే అల్లుడు.

పైకొచ్చి ఊరి ముందర నిలబడి, "నాకు బండంటే భయం. గంప తెచ్చుకోండి" అన్నాడు. ఎవురో కిసుక్కుమనబోయినారు. కుళ్లాయమ్మ ఒక్క అడుగు ముందుకేసి, "రెండు గంపలు తెండి, నాకూ భయమే" అనింది. అప్పుడు ఎర్రన్న నేల చూసుకుంటా, "మూడు తేవాల" అన్నాడు. ఆయప్ప ఎనకాల ఇంకోడు, వాని ఎనకాల వాని పెండ్లాం. లెక్క చూస్తే ఊరికి సరిపోయే గంపలు మేదరోళ్ల దగ్గర గూడా లేవు. భయం లేంది ఇద్దరికే అంట, ఒకటి చెన్నక్క, రెండోది మేక.

మరసనాడే అంచు పొడుగునా నడుమెత్తు గోడ కట్టడం మొదలుపెట్టినారు. తాతల కాలం నుంచి అందరి మనసులోనూ ఉన్న్యాదే, నోరు తెరిచి అనినోడే లేడు. గోడ లేచినాక ఒకరొకరే వచ్చి, మోచేతులు ఆనిచ్చి, కిందికి చూసినారు. కొత్తలో ఒక కన్నుతో, తర్వాత రెండు కండ్లతో. ఏరు మలుపు తిరిగేది, ఎండ బండ మీద ఎక్కేది, డేగలు వీళ్ల కాళ్ల కింద ఎగిరేది. డేగ కడుపు చూసినోళ్లమే గాని, డేగ వీపు చూసినోళ్లు మీలో ఎవురన్నా ఉండారా? వాళ్లు చూసినారు. చూసి చూసి పనులన్నీ మానేసినారు. కుళ్లాయమ్మ పొద్దన్నే పోయి గోడకానుకుంటే సంగటి యాళకు గూడా రాదంట, చెన్నక్క పోయి రెక్క పట్టుకోని ఈడ్చుకొస్తాది. ఆ యేడు ఎత్తుబండలో కలుపు తీసినోడే లేడు, చేలన్నీ గడ్డి. ధైర్యమొస్తే మనిషి బాగుపడతాడని పెద్దలంటారు గాని, ఆ ఊరు చెడింది మాత్రం ధైర్యమొచ్చినాకే. అంతే కత. లేయండి ఇంగ, నా మొగంలో ఏ డేగా ఎగరల్యా, చూసింది చాలు, పనులుంటే చూసుకోండి.