రెండో బంతి కూడా మీరే వేయాలి

1996 జూన్ 3వ తేదీన శ్రీమతి నల్లపాటి దీనమ్మ గారు షామ్‌బర్గ్‌లోని మన న్యాయ కార్యాలయంలో సహాయకురాలిగా చేరారు. పగలు ఫైళ్ళు సర్దుతూ, సాయంత్రం రైలెక్కి షికాగో వెళ్ళి న్యాయశాస్త్రం చదివి, ఇదే కార్యాలయంలో అటార్నీ అయ్యారు. క్రమేణా ఇమ్మిగ్రేషన్ విభాగానికి పెద్దదిక్కయ్యారు. ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్న సందర్భంగా నాలుగు మంచి మాటలు రాయమని నన్ను కోరారు. రాస్తాను. అయితే ఆమెతో పనిచేసిన వారందరికీ తెలిసిన ఒక ఇబ్బందిని దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు. ఆ ఇబ్బంది బాస్కెట్‌బాల్.

బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఆమె కాలేజీ జట్టుకు ఆడారు. ఆట అక్కడితో ఆగి ఉంటే మేమంతా సుఖంగా ఉండేవాళ్ళం. నేను స్కూలు టీచరును. బడి అయ్యాక, తెలుగు మాత్రమే వచ్చిన క్లయింట్లకు దుబాసీగా ఈ ఆఫీసుకు వస్తుంటాను. వచ్చిన తొలిరోజే సమావేశ గది తలుపుకు బిగించిన బాస్కెట్ నా తలకు తగిలింది. హియరింగ్ వాయిదా పడితే వారు దాన్ని టైమౌట్ అంటారు. జడ్జి విసుక్కుంటే, రిఫరీతో పేచీ పెట్టుకోవద్దని జూనియర్లకు చెబుతారు. ఒకసారి ఎదురుగా క్లయింటు కళ్ళు తుడుచుకుంటుంటే బంతిని నేలకు కొడుతూ తీసుకెళ్ళే డ్రిబ్లింగ్ గురించి ప్రసంగించారు. దాన్ని తెలుగులో చెప్పవలసిన బాధ్యత నాపై పడింది.

ఇక ఉండబట్టలేక ఒకనాడు అనేశాను. "ఆటలో ఓడినవాళ్ళు ఇంటికెళ్తారు దీనమ్మ గారూ. ఇక్కడ ఓడినవాళ్ళకి ఉన్న ఇల్లు పోతుంది."

"అందుకే కదా టీచర్‌గారూ, మన లాయర్ల చెయ్యి వణక్కూడదనేది," అంటూ కుర్చీలోంచే బంతి విసిరారు. అదీ బుట్టలో పడలేదు.

వారు పెట్టిన ఆనవాయితీ మరొకటి ఉంది. ఎవరూ అడ్డు రాకుండా గీత దగ్గర నిలబడి వేసే బంతిని ఫ్రీ త్రో అంటారు. అది పడినా పడకపోయినా జట్టువాళ్ళు ఏమీ అనకుండా ఆ ఆటగాడి అరచేతిని తాకి వెళ్తారు. మన ఆఫీసులో కేసు ఓడి వచ్చినవారికీ ఇదే మర్యాద. అయ్యో అనకూడదు, ఎలా జరిగిందని అడగకూడదు. అరచేతిని తాకి వెళ్ళిపోవాలి. కొత్తగా చేరినవారు ఇది చూసి బిక్కమొహం వేస్తారు.

రెండేళ్ళ క్రితం కౌస్తుభ్ అనే విద్యార్థి కేసును మన యువ న్యాయవాది హంసిక వాదించింది. తండ్రి చివరి దశలో ఉన్నారని ఆ అబ్బాయి కాలేజీ అనుమతితోనే ఇండియా వెళ్ళివచ్చాడు. కాలేజీవారు మాత్రం చదువు మానేశాడని నమోదు చేయడంతో అతని విద్యార్థి హోదా రద్దయింది. వెళ్ళడానికి తగిన కారణం రుజువు కాలేదని జడ్జి అతణ్ణి దేశం విడిచి వెళ్ళమన్నారు. ఆ మధ్యాహ్నం మేము వరసగా చేతులు చాపుకుని వెళ్తే హంసిక తన చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ప్లీజ్ ఆంటీ, నన్నెవరూ టచ్ చెయ్యొద్దు. నేను మంచి లాయర్ని కాదు. అప్పీల్ మీరు తీసుకోండి."

దీనమ్మ గారు ఒప్పుకోలేదు. రెండు ఫ్రీ త్రోలు వచ్చినప్పుడు మొదటిది పోయినవాళ్ళే రెండోదీ వేయాలన్నారు. ఒక పిల్లవాడి భవిష్యత్తు ప్రమాదంలో ఉంటే ఈ ఉపమానాలేమిటని నేను వారితో గట్టిగానే పోట్లాడాను. వారు శాంతంగా కౌస్తుభ్‌నే పిలిచి, ఎవరు కావాలో చెప్పమన్నారు.

"హంసికనే ఉంచండి ఆంటీ. ఇంకొకరికి మొదట్నుంచి చెప్పే ఓపిక నాకు లేదు," అన్నాడతను.

దీనమ్మ గారు పక్కన కూర్చుని ప్రతి పేజీ చదివారు, తిప్పి పంపారు, మళ్ళీ చదివారు. రాసింది మాత్రం హంసికే.

ఆ అప్పీలు నడుస్తుండగా, గత అక్టోబరులో మా వారు కాలం చేశారు. తెలుగు చర్చిలో ఆరాధన ముగిశాక మన ఆఫీసువారంతా వరుసలో వచ్చి, ఒక్కొక్కరు నా అరచేతిని తాకి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయారు. వీళ్ళకు మాటలు రావా అని మా ఆడపడుచు అడిగింది. ఆ రోజు నాకు గుర్తున్నవి ఆ చేతులే.

నేను ఆఫీసుకు రావడం మానేశాను. జనవరిలో దీనమ్మ గారు ఫోన్ చేశారు. అప్పీలు విన్నవారు మళ్ళీ విచారించమనడంతో కేసు తిరిగి అదే జడ్జి ముందుకు వచ్చిందనీ, భర్త చివరి రోజుల గురించి కౌస్తుభ్ తల్లి వాఙ్మూలం ఈసారి వివరంగా కావాలనీ చెప్పారు. వేరే దుబాసీని చూసుకోమన్నాను.

"ఆవిడతో మొదట మాట్లాడింది మీరు. రెండోసారీ మీరే మాట్లాడాలి," అన్నారు.

నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే వచ్చి కూర్చున్నాను. వీడియోలో ఆవిడ ఆసుపత్రి గురించి, ఆయన నీళ్ళు తాగడం మానేయడం గురించి చెప్పింది. ఆవిడ ఆగినప్పుడు నేను ఆగాను. చెప్పినదంతా ఇంగ్లీషులోకి మార్చాను, ఒక్క మాట తగ్గించకుండా. దీనమ్మ గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఆ సాయంత్రం బాస్కెట్‌బాల్ ప్రస్తావన రాలేదు.

మార్చిలో హంసిక గెలిచింది. కౌస్తుభ్ ఇప్పుడు ఆఖరి సెమిస్టరులో ఉన్నాడు.

దీనమ్మ గారి మోకాళ్ళు బాగా అరిగాయని, ఇక ఆడవద్దని వైద్యులు చెప్పారు. వారు వినరని నాకు తెలుసు. ప్రభువు వారికి నిండు ఆరోగ్యాన్ని, దీర్ఘాయువును, ఆ మోకాళ్ళకు కాస్త ఓర్పును ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాను. వీడ్కోలు సభలో నన్ను మాట్లాడమన్నారు. నేను మాట్లాడను. వేదిక దగ్గరికి వస్తాను. దీనమ్మ గారూ, చెయ్యి చాపండి.